ఇండియన్ పాస్‌పోర్టు మీద వర్కింగ్ హాలిడే, తాత్కాలిక వర్క్ వీసాలు: ఎవరికి అర్హత ఉంది, ఎక్కడ తిరగ్గొడుతున్నారు?

పెన్నా_తీరం:
ఆస్ట్రేలియా, యూకే, కెనడా అన్నింటినీ ‘వర్కింగ్ హాలిడే’ (కొన్నాళ్లు అక్కడ ఉండి, తిరుగుతూ పని కూడా చేసుకునే వీసా) అనే ఒకే మూటలో కట్టి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఇందులో నిజంగా వర్తించేవి ఏవి? 30 ఏళ్ల దాకా అంటే 30 నిండితే పోయినట్టేనా? డిగ్రీ ఉండాల్సిందేనా? బ్యాంకులో ఎంత చూపించాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ‘మా కన్సల్టెన్సీకి రండి’ అనే జవాబులు వద్దు.

పత్రాల_పని:
పెన్నా గారూ, ఈ వీసాలన్నీ రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం మీద నడుస్తాయి. కాబట్టి మనం ఏ ఊళ్లో ఉంటున్నామన్నది కాదు, చేతిలో ఏ దేశం పాస్‌పోర్టు ఉందన్నదే లెక్క. దుబాయ్‌లోనో దోహాలోనో పనిచేస్తున్నా ఇండియన్ పాస్‌పోర్టు అయితే ఇండియా కోటానే. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉండి పాస్‌పోర్టు వేరే దేశానిదైతే ఆ దేశపు కోటా చూసుకోవాలి, ఇది కాదు.

మనకు ఇప్పుడు పనికొచ్చేవి రెండు. ఒకటి ఆస్ట్రేలియా సబ్‌క్లాస్ 462, అంటే వర్క్ అండ్ హాలిడే. రెండు దేశాల వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబరు 29న అమల్లోకి రావడంతో ఇందులో మనకు ఏడాదికి 1,000 చోట్లు వచ్చాయి. రెండోది యూకే వాళ్ల ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్. 2023 ఫిబ్రవరిలో మొదలైంది, ఏడాదికి 3,000 చోట్లు. రెండింటికీ లాటరీయే, బ్యాలెట్ అంటారు.

వయసు రెండింటికీ 18 నుంచి 30. అంటే 30 నిండి నడుస్తున్నవాళ్లూ అర్హులే, 31వ పుట్టినరోజు రాకూడదు. యూకేలో బ్యాలెట్‌లో పేరు వచ్చినంత మాత్రాన సరిపోదు, వీసా దరఖాస్తు వేసే రోజుకు 31 నిండి ఉండకూడదు. పుట్టినరోజు దగ్గర పడుతున్నవాళ్లు ఈ తేడా పట్టించుకోక దెబ్బ తింటారు.

ఓరుగల్లు_వాణి:
కెనడా సంగతి నేను చెప్తా. వాళ్ల ఐఈసీ, అంటే ఇంటర్నేషనల్ ఎక్స్‌పీరియన్స్ కెనడా, ఒప్పందం ఉన్న దేశాల జాబితా మీద నడుస్తది. ఆ జాబితాల ఇండియా లేదు. ‘కెనడా వర్కింగ్ హాలిడే, ఇండియన్లకు కూడా’ అని ఎవరన్న బోర్డు పెట్టిండంటే అక్కడ్నే ఆగుండ్రి.

ఇంకో మోసం ఎల్ఎమ్ఐఏ అమ్మకం. అది కెనడా యజమాని తనకు కావాల్సిన మనిషి అక్కడ దొరకలేదని చూపి తెచ్చుకునే అనుమతి. ఒక్కో ఉద్యోగానికి 1,000 కెనడా డాలర్ల ఫీజు యజమానే కట్టాలె, పనివాళ్ల దగ్గర వసూలు చేసుడు నిషేధం. ‘ఎల్ఎమ్ఐఏ ఇప్పిస్తం, పది లక్షలు’ అన్నోడు అమ్మేది అమ్మకూడని సరుకు.

పెన్నా_తీరం:
థాంక్సండీ. న్యూజీలాండ్ పేరు కూడా బాగా వినిపిస్తోంది?

పత్రాల_పని:
2025 డిసెంబరులో రెండు దేశాలూ వాణిజ్య ఒప్పందం చర్చలు ముగిశాయని ప్రకటించాయి. అందులో ఏడాదికి 1,000 వర్కింగ్ హాలిడే వీసాల మాట ఉంది. ఒప్పందం ముగియడం వేరు, అమల్లోకి రావడం వేరు. ఇమ్మిగ్రేషన్ న్యూజీలాండ్ వాళ్ల వర్కింగ్ హాలిడే దేశాల జాబితాలో ఇండియా పేరు కనిపించి, దరఖాస్తు తెరిచే తేదీ పడేదాకా ఎవరికీ రూపాయి కట్టనక్కర్లేదు.

సిడ్నీ_గట్టు:
ఆస్ట్రేలియా 462 గురించి వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే.

వరుస ఇదీ. ఆస్ట్రేలియా హోమ్ అఫైర్స్ శాఖ సైట్లో ఇమ్మిఅకౌంట్, అంటే వీసా దరఖాస్తుల ఖాతా, తెరవాలి. బ్యాలెట్ తెరిచిన రోజుల్లో అందులోనే నమోదు చేసుకోవాలి. ఫీజు 25 ఆస్ట్రేలియా డాలర్లు, తిరిగి రాదు. ఇండియాకు మొదటి బ్యాలెట్ 2024 అక్టోబరు 1 నుంచి 31 వరకు తెరిచారు. ఏటా అవే తేదీలని అనుకోవద్దు, సైట్లో చూసుకోండి. నమోదుకు పాస్‌పోర్టుతో పాటు పాన్ కార్డు వివరాలూ కావాలి. నమోదైనవాళ్లలోంచి కంప్యూటర్ ఎంపిక చేస్తుంది. మొదటి రోజు వేసినా చివరి రోజు వేసినా అవకాశం ఒక్కటే.

పేరొస్తే మెయిల్ వస్తుంది. అక్కడి నుంచి 28 రోజుల్లో అసలు వీసా దరఖాస్తు వెయ్యాలి. పని దినాలు కాదు, క్యాలెండర్ రోజులు. 2025 జులై 1 నాటి దరఖాస్తు ఫీజు 670 డాలర్లు. మొదటి 462కు వేసేటప్పుడు ఆస్ట్రేలియా బయట ఉండాలి. అంతకుముందు 462 గానీ, వేరే దేశాలవాళ్లకు ఇచ్చే వర్కింగ్ హాలిడే వీసా 417 గానీ వాడి ఉండకూడదు.

చూపించాల్సినవి: ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు పూర్తయినట్టు రుజువు, ఫంక్షనల్ ఇంగ్లిష్ (అంటే పని నడిచే స్థాయి ఇంగ్లిష్), ఖర్చులకు 5,000 డాలర్లు, ఆపైన తిరుగు ప్రయాణం టికెట్ డబ్బు. పిల్లలను వెంట తీసుకెళ్లడానికి లేదు. పెళ్లయితే అడ్డేం లేదు గానీ భార్యనో భర్తనో డిపెండెంటుగా చేర్చలేరు, వాళ్ల బ్యాలెట్ వాళ్లది.

గోదారి_లంక:
‘రెండేళ్ల చదువు’ దగ్గర రెండు సందేహాలు. బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నవాళ్లకు కుదురుతుందా? రెండో ఏడాదిలో సబ్జెక్టులు ఉండిపోతే?

పత్రాల_పని:
చదువు ముగించి ఉండాలని లేదు, రెండేళ్లు ‘విజయవంతంగా పూర్తి చేసి’ ఉండాలి. మూడో ఏడాదిలో ఉంటే 1-1 నుంచి 2-2 దాకా నాలుగు సెమిస్టర్ల మార్కుల మెమోలు, కాలేజీ లెటర్‌హెడ్ మీద స్టడీ సర్టిఫికెట్ పెట్టాలి. బ్యాక్‌లాగ్ ఉంటే ఆ ఏడాది పూర్తయిందని చెప్పుకోలేం. ముందు సప్లీ రాసి క్లియర్ చేసుకోవడమే మేలు. తర్వాత పాసైన సప్లీ మెమో కూడా కలపండి. అది పెట్టకపోతే పాత మెమోలో ‘ఎఫ్’ చూసి అధికారి అక్కడే ఆగిపోతాడు. ఇంటర్ రెండేళ్లను ఈ లెక్కలోకి తేవద్దు, అది స్కూలు చదువు కిందే పోతుంది.

డిగ్రీ అయినవాళ్లు ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కోసం కాన్వొకేషన్ దాకా ఆగనక్కర్లేదు. ప్రొవిజనల్, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకచోట ఉండే మెమో) రెండూ కలిపి పెట్టండి.

గోదారి_లంక:
స్కూలు మొత్తం తెలుగు మీడియం. ఐఈఎల్‌టీఎస్ రాయక తప్పదా?

సిడ్నీ_గట్టు:
తప్పదని ఏం లేదండీ. ఫంక్షనల్ ఇంగ్లిష్‌కు పరీక్ష ఒక దారి మాత్రమే. ఐఈఎల్‌టీఎస్ సగటు 4.5 చాలు, దరఖాస్తుకు ముందు 12 నెలల్లోపు రాసినదై ఉండాలి. ఇంకో దారి, కనీసం రెండేళ్ల ఫుల్‌టైమ్ కోర్సు పూర్తిగా ఇంగ్లిష్‌లోనే చదివి పట్టా పొందినట్టు చూపడం. టెన్త్ దాకా తెలుగు మీడియమైనా బీటెక్, బీకాం ఇంగ్లిష్‌లో పూర్తయితే కాలేజీ నుంచి ‘మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్’ సర్టిఫికెట్ తీసుకోండి. అందులో కోర్సు పేరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, ‘బోధన మొత్తం ఇంగ్లిష్‌లోనే’ అన్న వాక్యం ఉండాలి. ‘ఈ విద్యార్థికి ఇంగ్లిష్ బాగా వచ్చు’ అని రాసిచ్చే ఉత్తరాలు దేనికీ పనికిరావు. కోర్సు ఇంకా నడుస్తున్నవాళ్ల చేతికి పట్టా రాలేదు కాబట్టి, స్కూలు తెలుగు మీడియమైతే పరీక్ష రాయడమే క్షేమం.

ఈ కాగితం పేరొచ్చాక తెచ్చుకుందాంలే అనుకోవద్దు. సెలవుల్లో ప్రిన్సిపల్ సంతకం దొరక్క 28 రోజులూ కరిగిపోతాయి.

పేరు_సరిచూడు:
మన రెండు రాష్ట్రాలవాళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా. పాన్‌లో ఒక్క పొడి అక్షరం, లేదా పేరు చివర ఇంటిపేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం గివెన్ నేమ్‌లోనే. ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు. ఇక్కడ దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, బయటి దేశం అధికారికి ఇవి నాలుగు పేర్లు, నలుగురు మనుషులు.

ఏ ఫారమైనా పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపాలి. ఏ పేరు ఏ గడిలోదో సందేహమొస్తే ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసలు చూడండి, మొదటి వరుసలో సర్‌నేమ్, రెండు బాణాల తర్వాత గివెన్ నేమ్ ఉంటాయి. ఆస్ట్రేలియా ఫారంలో పేరు ఒక్కటే ఉంటే దాన్ని ఫ్యామిలీ నేమ్ గడిలో రాసి రెండోది ఖాళీ ఉంచాలి. గడి నింపాలి కదా అని తండ్రి పేరు తెచ్చి పెట్టకూడదు.

పాన్ తేడాగా ఉంటే బ్యాలెట్ తెరవకముందే పాన్ సేవలిచ్చే ప్రొటియన్ (పాత ఎన్ఎస్‌డీఎల్) లేదా యూటీఐ సైట్లో కరెక్షన్ పెట్టి, పాస్‌పోర్టుకు సరిపోయేలా మార్పించుకోండి. మెమోల్లో పేరు మారదు కాబట్టి ‘ఈ రెండు పేర్లూ ఒకరివే’ అని నోటరీ అఫిడవిట్ ఒకటి జత చెయ్యండి. పాస్‌పోర్టు గడువు ఏడాదిలోపే ఉంటే ముందే రెన్యువల్ చేయించుకోవాలి. బ్యాలెట్‌లో ఒక నంబరు, దరఖాస్తులో ఒక నంబరు అయితే మెడకు చుట్టుకుంటుంది.

లెస్టర్_తెలుగు:
ఇక యూకే. ఇది పూర్తిగా వేరే లెక్క, ఆస్ట్రేలియా నియమాలు దీనికి తగిలించొద్దు.

బ్యాలెట్ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, జులైలో, 48 గంటలు మాత్రమే తెరిచి ఉంటుంది. ప్రవేశం ఉచితం. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు వివరాలు, ఆ పాస్‌పోర్టు స్కాన్ లేదా ఫొటో, ఫోన్, మెయిల్ అడుగుతారు. ఒక మనిషికి ఒకటే ఎంట్రీ. బ్యాలెట్ మూసిన రెండు వారాల్లో మెయిల్ వస్తుంది. ఎంపిక కానివాళ్లకు అప్పీలు లేదు, మళ్లీ తెరిచినప్పుడు వేసుకోవచ్చు.

ఎంపికైతే మెయిల్‌లో ఇచ్చిన గడువులోగా, మామూలుగా 90 రోజుల్లో, దరఖాస్తు వేసి డబ్బు కట్టి వేలిముద్రలు కూడా ఇచ్చేయాలి. 2025 ఏప్రిల్ నాటి ఫీజు 319 పౌండ్లు. హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776 చొప్పున రెండేళ్లకు 1,552. ఆ లెక్కన వెరసి 1,871 పౌండ్లు ఒకేసారి కట్టాలి. వీసా తిరస్కరిస్తే సర్‌చార్జి వెనక్కి వస్తుంది, ఫీజు రాదు.

డిగ్రీ ఉండాల్సిందే, బ్యాచిలర్స్ గానీ అంతకుమించి గానీ. మూడేళ్ల బీఎస్సీ, బీకాం సరిపోతాయి. పాలిటెక్నిక్ డిప్లొమా ఒక్కటే ఉంటే సరిపోదు. ఇంగ్లిష్ పరీక్ష ఈ స్కీములో అడగరు. ఇండియా నుంచి వేసేవాళ్లకు టీబీ పరీక్ష సర్టిఫికెట్ కావాలి, యూకే హోమ్ ఆఫీస్ ఒప్పుకున్న క్లినిక్కులోనే చేయించుకోవాలి, ఆరు నెలలు చెల్లుతుంది. ఇంటి దగ్గరి డయాగ్నొస్టిక్ సెంటరు ఎక్స్‌రే చెల్లదు. మీతో ఉంటున్న, లేదా మీ పోషణలో ఉన్న 18 ఏళ్లలోపు పిల్లలుంటే అర్హత పోతుంది.

ఇప్పటికే స్టూడెంట్ వీసా మీద యూకేలో ఉన్నవాళ్లు అక్కడి నుంచే దీనికి మారలేరు, బయటికొచ్చి వెయ్యాలి.

పెన్నా_తీరం:
యూకేకి బ్యాంకులో 2,530 పౌండ్లు అంటున్నారు. నాన్న ఖాతాలో చూపిస్తే కుదరదా? ఎఫ్‌డీ, చిట్టీ డబ్బు?

ఖాతా_లెక్క:
ఇది కాస్త నిదానంగా చదవండి, డబ్బుండి కూడా తిరస్కరణ తెచ్చుకునే చోటు ఇదే.

డబ్బు మీ పేరు మీద ఉన్న ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి. నాన్నతో జాయింట్ అయితే సరే, నాన్న ఒక్కరి ఖాతా అయితే లెక్కలోకి రాదు. పెద్దవాళ్లు ఇచ్చేటట్టయితే మీ ఖాతాకు బదిలీ చేయించుకుని, ఆ రోజు నుంచి 28 రోజులు లెక్కపెట్టుకోవాలి.

ఆ 28 రోజుల్లో ఏ ఒక్క రోజూ నిల్వ 2,530 పౌండ్ల కిందికి దిగకూడదు. సగటు చూడరు. ఒక్క రాత్రి ఈఎంఐ కట్ అయి వంద రూపాయలు తగ్గినా లెక్క మళ్లీ మొదటికే. 28వ రోజు మీరు దరఖాస్తు వేసే తేదీకి ముందు 31 రోజుల్లోపు పడాలి. ఉదాహరణకు ఆగస్టు 20న వేస్తే, జులై 18న ముగిసే స్టేట్‌మెంటు పాతబడిపోయింది, ఆగస్టు 10 దాకా ఉన్నదైతే బాగుంటుంది.

పౌండు ధర బ్యాంకు వాళ్లు చెప్పేది కాదు, దరఖాస్తు తేదీన ఓఆండా సైటు చూపే రేటుతో హోమ్ ఆఫీస్ లెక్కగడుతుంది. సరిగ్గా అంతే ఉంచితే రూపాయి కాస్త జారినా తక్కువ పడుతుంది. పదిహేను శాతం ఎక్కువ ఉంచుకోండి.

చిట్టీ డబ్బు, షేర్లు, పీఎఫ్, సొసైటీ డిపాజిట్టు, బంగారం ఇవేవీ నగదు కింద లెక్క కావు. ఎఫ్‌డీని రద్దు చేసి సేవింగ్స్‌లో వేసి 28 రోజులు ఉంచితే వివాదమే ఉండదు. స్టేట్‌మెంటు మీద మీ పేరు, ఖాతా నంబరు, తేదీలు, రోజువారీ నిల్వ, బ్యాంకు గుర్తు ఉండాలి. ‘బ్యాలెన్స్ సర్టిఫికెట్’ అని ఒక్క రోజు నిల్వ రాసిచ్చే కాగితం 28 రోజుల సంగతి చెప్పదు.

ఇంకొక సంగతి. ‘ఫండ్స్ చూపిస్తాం, వడ్డీ ఇవ్వండి’ అంటూ నకిలీ స్టేట్‌మెంట్లు చేసిపెట్టేవాళ్లు ఊరూరా ఉన్నారు. దొరికితే యూకేలో పదేళ్ల నిషేధం, ఆస్ట్రేలియాలో తప్పుడు పత్రానికి మూడేళ్లు. ఒక్క లాటరీ కోసం పదేళ్ల దారి మూసుకోవద్దు, దయచేసి.

ఓరుగల్లు_వాణి:
అక్కడికి పోయినంక ఏ పనైనా చెయ్యొచ్చా? మా దగ్గర పిల్లలు ‘పీఆర్ వస్తది’ అని కూడా నమ్ముతున్నరు.

లెస్టర్_తెలుగు:
యూకేలో స్పాన్సర్ అక్కర్లేదు కాబట్టి దాదాపు ఏ ఉద్యోగమైనా చెయ్యొచ్చు, వృత్తి క్రీడాకారుడిగా తప్ప. స్వయం ఉపాధి కూడా కుదురుతుంది గానీ సొంత షాపు భవనం ఉండకూడదు, సామగ్రి విలువ 5,000 పౌండ్లు దాటకూడదు, మనుషులను పెట్టుకోకూడదు. రెండేళ్లు అయ్యాక పొడిగింపు లేదు. ఈ కాలం స్థిర నివాసం లెక్కలోకి రాదు. లైసెన్సు ఉన్న యజమాని దొరికి జీతం, అర్హత సరిపోతే అక్కడి నుంచే స్కిల్డ్ వర్కర్ వీసాకు మారొచ్చు, అంతవరకే.

సిడ్నీ_గట్టు:
ఆస్ట్రేలియాలో 12 నెలలు. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలే, అది 8547 షరతు. కొన్ని రంగాలకూ ప్రాంతాలకూ మినహాయింపులున్నాయి. చదువు నాలుగు నెలల దాకా.

పన్ను విషయం ముందే తెలుసుకోండి. టీఎఫ్ఎన్ (అక్కడి పన్ను నంబరు) తీసుకుని, వర్కింగ్ హాలిడే యజమానిగా నమోదైన చోట చేస్తే 45,000 డాలర్ల దాకా మొదటి డాలరు నుంచే 15 శాతం కోస్తారు. అక్కడివాళ్లకు ఉండే పన్ను లేని మొదటి భాగం ఈ వీసా వాళ్లకు మామూలుగా ఉండదు. దేశం విడిచాక సూపర్ (యజమాని కట్టే రిటైర్మెంట్ నిధి) డబ్బు తీసుకుంటే అందులో 65 శాతం పన్ను పోతుంది. ‘సూపర్ మొత్తం చేతికొస్తుంది’ అని జీతం లెక్కేసుకుంటే తప్పుతుంది.

రెండో ఏడాది కావాలంటే చెప్పిన ప్రాంతాల్లో, చెప్పిన రంగాల్లో మూడు నెలల పని చూపించాలి. తోటలు, పశువులు, చేపలు, నిర్మాణం, ఉత్తరాదిలోనూ మారుమూల ప్రాంతాల్లోనూ హోటళ్లు, పర్యాటకం లాంటివి. ప్రతి పేస్లిప్పూ, యజమాని ఏబీఎన్ (వ్యాపార నమోదు) నంబరూ, పనిచేసిన చోటు పోస్టుకోడూ మొదటి వారం నుంచే దాచుకోండి. చేతికి నగదిచ్చి కాగితం ఇవ్వని పని ఎన్ని రోజులు చేసినా ఆ మూడు నెలల్లోకి రాదు.

మంజీర_32:
31 దాటిన నాలాంటి వాళ్లకు ఏమైనా ఉందా అన్నా?

పత్రాల_పని:
వర్కింగ్ హాలిడే లేదు. దానికి దగ్గరగా జర్మనీ వాళ్ల చాన్సెన్‌కార్టె (అవకాశ కార్డు) ఉంది, 2024 జూన్ 1 నుంచి. పని వెతుక్కోవడానికి ఏడాది, వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు. డిగ్రీతో పాటు జర్మన్ ఏ1 లేదా ఇంగ్లిష్ బీ2 స్థాయి (భాషా స్థాయిలు ఏ1 నుంచి సీ2 దాకా పెరుగుతాయి) ఉండాలి, ఆపైన 6 పాయింట్లు రావాలి. 35 లోపు వయసుకు 2, గత ఐదేళ్లలో చదువుకు సంబంధించిన పని రెండేళ్లకు 2, ఇంగ్లిష్ సీ1కు 1. ఇక్కడికి 5. జర్మన్ ఏ2 ఉంటే ఇంకో 1, సరిపోయింది. 2025 లెక్కన బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోనిచ్చే జర్మన్ ఖాతా) నెలకు 1,091 యూరోల చొప్పున ఏడాదికి 13,092.

మీ డిగ్రీకి అక్కడ గుర్తింపు ఉందో లేదో అనాబిన్ అనే జర్మన్ సైట్లో వెతికేటప్పుడు కాలేజీ పేరు కాదు, పట్టా మీద ఉన్న విశ్వవిద్యాలయం పేరు కొట్టండి, జేఎన్‌టీయూ, ఉస్మానియా, ఆంధ్రా అలా. దానికి హెచ్ ప్లస్ (గుర్తింపు ఉందనే గుర్తు) ఉండి, మీ డిగ్రీ కూడా సమానమని చూపాలి. డిగ్రీ అందులో దొరక్కపోతే జెడ్ఏబీ అనే జర్మన్ సంస్థ నుంచి పోలిక పత్రం తెచ్చుకోవాలి, 208 యూరోలు.

మంజీర_32:
చాలా థాంక్స్ అన్నా. ఏజెంటు ద్వారా పోతే తప్పా?

ఓరుగల్లు_వాణి:
ఫారం నింపుడుకు సాయం తీసుకుంటే తప్పేం లేదు తమ్ముడూ. ‘బ్యాలెట్‌ల పేరు గ్యారంటీ’ అన్నోడి దగ్గరకు మాత్రం పోవద్దు, లాటరీల గ్యారంటీ ఎవ్వలూ ఇయ్యలేరు. బయటిదేశంల ఉద్యోగం ఇప్పిస్తనన్నోడు అయితే భారత ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌ల లైసెన్సు ఉన్నదా చూడు. లైసెన్సున్న ఏజెంటు తీసుకునే సర్వీసు చార్జి 30,000 రూపాయలు దాటొద్దు, జీఎస్టీ అదనం, రసీదు ఇయ్యాలె. తెలంగాణల అయితే విదేశీ ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ కూడా అడుగు.

పత్రాల_పని:
ఇమ్మిఅకౌంట్‌లోనూ యూకే బ్యాలెట్‌లోనూ మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు మీవే ఉండాలి. ఏజెంటు తన మెయిల్ పెడితే, ఎంపిక వార్త అతను చెప్పినప్పుడే మీకు తెలుస్తుంది, గడియారం మాత్రం మెయిల్ వచ్చిన రోజు నుంచే తిరుగుతుంది. పాస్‌వర్డు కూడా మీ దగ్గరే ఉంచుకోండి, స్పామ్ ఫోల్డరు రోజూ చూడండి.

పెన్నా_తీరం:
పేరొచ్చాక మెడికల్ అయ్యేదాకా ఆగి ఆస్ట్రేలియా దరఖాస్తు వెయ్యాలా?

సిడ్నీ_గట్టు:
వద్దు. ముందు దరఖాస్తు వేసి ఫీజు కట్టెయ్యండి, 28 రోజుల షరతు అక్కడితో తీరుతుంది. తర్వాత ఇమ్మిఅకౌంట్‌లో హెచ్ఏపీ నంబరు (వైద్య పరీక్షల నంబరు) ఉన్న లేఖ వస్తుంది. ఆ లేఖ, ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని ప్యానల్ క్లినిక్కుకు (ఆస్ట్రేలియా ఒప్పుకున్నది) వెళ్తే అందులో చెప్పిన పరీక్షలు చేసి ఫలితం వాళ్లే నేరుగా పంపుతారు, మీ చేతికి ఇవ్వాల్సిన పని లేదు.